కృష్ణ ఎక్కి వచ్చిన దారి
(నగరం తాగిన నీళ్లు – 11)

గండిపేట చెరువు నిండినప్పుడు నీటిమట్టం సముద్రమట్టానికి 1790 అడుగుల ఎత్తున ఉంటుంది. నాగార్జునసాగర్ నిండినప్పుడు 590 అడుగుల దగ్గర ఉంటుంది. హైదరాబాదు తాగునీటి చరిత్రలో సగం ఈ 1200 అడుగుల తేడాలోనే ఉంది. మన తాతల కాలంలో నీళ్లు నల్లాల్లోకి వాటంతట అవే దిగి వచ్చేవి. ఇప్పుడు ఎక్కి వస్తున్నాయి. అలా ఎక్కించాలన్న నిర్ణయం ఎందుకు తీసుకోవలసి వచ్చింది, అప్పుడు ముందున్న దారులేమిటి, ఆ నిర్ణయం దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కాలనీల బతుకును ఎలా మార్చింది అన్నది ఈ భాగం కథ.

పోయిన భాగంలో సింగూరు దగ్గర ఆగాం. మంజీర మీద 1965లో మొదటి దశ, 1981లో రెండో దశ వచ్చాయి. ఆపైన సింగూరు ఆనకట్ట నుంచి 1991లో మూడో దశ, 1993లో నాలుగో దశ. గండిపేట పదిహేను కిలోమీటర్లయితే మంజీర బ్యారేజీ 58, సింగూరు 80. దూరం పెరుగుతూ పోయింది గానీ దిక్కు మాత్రం మారలేదు. అన్నీ పడమరో వాయవ్యమో. మూసీ మీద 1920లో గండిపేట అని పిలిచే ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ కట్టిన నాటికి నగరం ఉన్నదే అటువైపు కాబట్టి అది సబబే. ఆ నీళ్లు ఆసిఫ్‌నగర్, మీరాలం ఫిల్టర్ బెడ్లలో శుద్ధయి పాతబస్తీకి, కోఠీకి, మలక్‌పేటకు వెళ్లేవి. మలక్‌పేట దాటి తూర్పుకు వచ్చేసరికి గొట్టంలో నీళ్లూ తగ్గేవి, ఒత్తిడీ తగ్గేది.

ఆ తూర్పున ఒకప్పుడు పొలాలు. దిల్‌సుఖ్‌రాం ప్రసాద్ అనే భూస్వామి పేరు మీదే దిల్‌సుఖ్‌నగర్ ఏర్పడింది. లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకున్న ఎల్బీనగర్‌లో రెండు పెద్ద రోడ్లు కలుస్తాయి. ఒకటి విజయవాడకు, ఒకటి నాగార్జునసాగర్‌కు. నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు బస్సు దిగగానే కనిపించే నగరం ఇదే. చదువుకో ఉద్యోగానికో వచ్చినవాళ్లు ఇక్కడే గది తీసుకున్నారు, నాలుగు డబ్బులు కూడబెట్టుకుని ఇక్కడే ప్లాటు కొన్నారు. కొత్తపేట, చైతన్యపురి, సరూర్‌నగర్, కర్మన్‌ఘాట్, వనస్థలిపురం, మన్సూరాబాద్ ఇరవై ముప్ఫై ఏళ్లలో కిక్కిరిసిపోయాయి. కానీ ఇదంతా మున్సిపల్ కార్పొరేషన్ పరిధికి వెలుపల ఉండేది. ఎల్బీనగర్ ఒక మున్సిపాలిటీ, దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల చాలా భాగం గడ్డిఅన్నారం మున్సిపాలిటీ. ఈ రెండూ మరో పది మున్సిపాలిటీలతో కలిసి గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్ఎంసీ)లో చేరింది 2007 ఏప్రిల్‌లోనే. నగర నీటి సరఫరా చూసే జలమండలి 1989 నవంబరు 1న పుట్టినా, దాని పైపులు ముందుగా పోయింది పాత నగరానికి. బయటి మున్సిపాలిటీలకు టోకున కొంత నీరు ఇచ్చేవారు. దాన్ని పంచుకోవడం స్థానికుల తంటా.

ఆ తంటా ఎలా ఉండేదో ఇక్కడ పెరిగినవాళ్లెవరిని అడిగినా చెబుతారు. నీళ్లొచ్చే రోజు వేళాపాళా ఉండదు. లైన్‌మన్ సైకిల్ మీద పొడవాటి ఇనుప తాళం పెట్టుకొచ్చి సందు మొదట్లో గుంతలోని వాల్వు తిప్పితే, ముందు నల్లా నుంచి గాలి బుసకొడుతుంది. ఆ చప్పుడుకి ఇంటిల్లిపాదీ లేస్తారు. పల్లంలో ఉన్న ఇంట్లో బిందె నిండేలోగా మిట్టమీది ఇంట్లో చెంబు కూడా నిండదు. పక్కవాళ్లు నల్లాకు మోటారు బిగించారంటే అంతే సంగతులు. ఇళ్ల ముందు నల్లా మట్టానికి చిన్న గొయ్యి తవ్వి, అందులో కూర్చుని బిందె పట్టుకున్న ఆడవాళ్లు వేలమంది. తక్కిన అవసరాలన్నిటికీ బోరు నీళ్లే. ఆ నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టేది, పప్పు ఎంతకూ ఉడికేది కాదు. హాస్టళ్ల వీధుల్లో ఎండాకాలం పొద్దునా సాయంత్రం ట్యాంకర్లే. నేటికీ ఈ ప్రాంతంలో ఇల్లు అద్దెకు చూడబోతే, గదులెన్ని అని అడగక ముందే నీళ్ల సంగతి అడుగుతారు.

1990ల మధ్యకు వచ్చేసరికి సింగూరు ఒక్కటే చాలదని ఇంజనీర్లకు తేలిపోయింది. అప్పుడు బల్ల మీద ఉన్న దారులు ప్రధానంగా మూడు.

మొదటిది మంజీరలోనే ఇంకొంత పిండుకోవడం. దీనికి ఖర్చు తక్కువ. అయితే మంజీర ఎగువన మహారాష్ట్ర, కర్ణాటక ఉన్నాయి. అక్కడ చెరువులూ బ్యారేజీలూ పెరిగేకొద్దీ సింగూరుకు చేరేది తగ్గుతుంది. పైగా సింగూరు కోసం భూములు పోగొట్టుకున్న మెదక్ రైతులు, కట్ట కిందే ఉన్న తమ పొలాలు ఎండుతుంటే నీళ్లు పట్నానికి పోతున్నాయని అప్పటికే మండిపడుతున్నారు. వాళ్ల మాటలో న్యాయముంది. రెండోది గోదావరి. అందులో నీళ్లకు కొదవ లేదు, కానీ ఎల్లంపల్లి నుంచి తెచ్చుకోవాలంటే పైపు 186 కిలోమీటర్లు వేయాలి. మూడోది కృష్ణ.

కృష్ణకు కలిసొచ్చింది ఒక ఆలస్యం. శ్రీశైలం ఎడమగట్టు కాలువ ద్వారా, కొండల కింద 44 కిలోమీటర్ల సొరంగం తవ్వి, పంపులు లేకుండానే నల్లగొండకు నీళ్లివ్వాలన్నది పాత ఆలోచన. ఆ సొరంగం ఎంతకూ మొదలు కాలేదు. దానికి బదులుగా నాగార్జునసాగర్ జలాశయం వెనుక భాగంలో పుట్టంగండి దగ్గర పంపులు పెట్టి, అక్కంపల్లి జలాశయంలోకి నీరెత్తే పథకం చేపట్టారు. 2000 మార్చిలో ఘట్‌కేసర్ దగ్గర మందుపాతరకు బలైన మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డి పేరు దానికి పెట్టారు. రైతుల కోసం ఎలాగూ అక్కంపల్లి దాకా నీళ్లెక్కుతున్నాయి. అక్కడి నుంచి నగరానికి పైపు వేస్తే సరి. మొత్తం 116 కిలోమీటర్లు. గోదావరి కంటే 70 తక్కువ. నదీజలాల వాటాలో ఒక్కో దశకు 5.5 టీఎంసీలు పక్కన పెడితే 90 ఎంజీడీలు, అంటే రోజుకు 90 మిలియన్ గ్యాలన్లు, దాదాపు 41 కోట్ల లీటర్లు వస్తాయి. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, లీటర్లలో సుమారు 2831 కోట్లు.

కృష్ణను ముందుగా ఎంచుకోవడం సరైన నిర్ణయమేనని నేను నమ్ముతాను. దూరం తక్కువన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, ఈ నీరు నగరంలోకి తూర్పు గుమ్మం నుంచి అడుగుపెట్టడం.

దారి ఇదీ. అక్కంపల్లి నుంచి కోదండాపూర్‌కు వచ్చిన నీరు అక్కడ శుద్ధవుతుంది. కోదండాపూర్, నసర్లపల్లి, గోడకొండ్ల దగ్గర వరసగా పంపులు దాన్ని మెట్టు మెట్టుగా పైకి ఎత్తుతాయి. యాచారం మండలం గున్‌గల్ చేరాక ఇక ఎత్తాల్సిన పని లేదు. అక్కడి నుంచి ఇబ్రహీంపట్నం మీదుగా, సాగర్ రోడ్డు పొడవునా, నీళ్లు దొర్లుకుంటూ సాహెబ్‌నగర్ జలాశయానికి దిగుతాయి. సాహెబ్‌నగర్ ఉన్నది వనస్థలిపురం పక్కన. 2004లో మొదటి దశ నీళ్లు వచ్చినప్పుడు, ఎనభై ఏళ్లుగా తోకన ఉన్న ప్రాంతం ఒక్కసారిగా తలకట్టు అయింది. 2008లో రెండో దశ, 2015లో మూడో దశ. మొత్తం 270 ఎంజీడీలు. సాహెబ్‌నగర్ నుంచి పెద్ద పైపులు పడమరకు తిరిగి పాతబస్తీకి, ఇంకా అవతలికి నీళ్లు మోసుకుపోతున్నాయి. ఒకప్పటి ప్రవాహానికి ఇది సరిగ్గా ఎదురు దిశ.

అయినా గుమ్మంలోకి వచ్చిన నీళ్లు వంటింట్లోకి రావడానికి మరో పదేళ్లు పట్టింది. పెద్ద పైపు ఇంటి పక్కనే పోతున్నా, కాలనీలో చిన్న పైపులూ ఓవర్‌హెడ్ ట్యాంకులూ లేకపోతే ఒరిగేదేమీ లేదు. జీహెచ్ఎంసీలో కలిసిన శివారు ప్రాంతాలకు హడ్కో రుణంతో 1900 కోట్ల రూపాయల పథకం వేశాక గానీ ఎల్బీనగర్ చుట్టుపక్కల కాలనీలకు ఇంటింటి కనెక్షన్లు ఊపందుకోలేదు. నీటి పథకం అనగానే ఆనకట్టల గురించీ, టీఎంసీల గురించీ గంటలకొద్దీ మాట్లాడతాం. సందులో వేసే నాలుగు అంగుళాల పైపుకు ఆ వాదనలో చోటుండదు. ఎల్బీనగర్ అనుభవం చూస్తే ఆ చిన్న పైపు ఆనకట్టతో సమానం.

పైపు దారిలో మరో కథ ఉంది. దాన్ని చెప్పకుండా ముందుకు పోలేను. గోడకొండ్లకు పక్కనే నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. ఫ్లోరైడ్ భూతం పళ్లనూ ఎముకలనూ తినేసిన నేల అది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. పదవి కోసం వేసిన నామినేషన్లు కావవి. కృష్ణా నీళ్లు ఇవ్వండి అని దేశానికి వినిపించేలా అడగడానికి జలసాధన సమితి ఎంచుకున్న దారి. బ్యాలెట్ పత్రం చిన్న పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు కృష్ణా నీళ్లు ఆ నేల మీదుగానే, పైపులో, సాహెబ్‌నగర్‌కు పోయాయి. ఆ జిల్లాలో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్‌లో ఆవిష్కరించింది 2015 జూన్‌లో. ఎల్బీనగర్ కాలనీల్లో నల్లగొండ వాళ్లు లేని వీధి ఉండదు. ఊళ్లో వంకర తిరిగిన కాళ్లతో తల్లి, పట్నంలో కృష్ణ నీళ్లు తాగుతూ కొడుకు, ఇలాంటి కుటుంబాలు ఎన్నో. నగరానికి నీళ్లు తెచ్చే ప్రతి ఆలోచనలోనూ, పైపు ఏ ఊరి పక్క నుంచి పోతోంది, ఆ ఊరు ఏం తాగుతోంది అన్న ప్రశ్న మొదటి పేజీలో ఉండాలి. ఆనాటి లెక్కల్లో అది లేదు.

కృష్ణను ఎంచుకున్నవాళ్ల ముందుచూపు 2016 వేసవిలో రుజువైంది. వరుస కరువులకు సింగూరు, మంజీర, గండిపేట, హిమాయత్‌సాగర్ నాలుగూ నోరు తెరిచాయి. నాలుగింటి నుంచీ సరఫరా ఆగిపోయింది. అంతకు కొద్ది నెలల ముందే ఎల్లంపల్లి నుంచి 172 ఎంజీడీల గోదావరి నీళ్లు నగరానికి అందడం మొదలైంది. కృష్ణా గోదావరులే ఆ ఏడు కోటి మందిని కాపాడాయి. ఎక్కువగా చుట్టుపక్కల చెరువులనే నమ్ముకుని ఉంటే ఏమయ్యేదో 2019 జూన్‌లో చెన్నై చూపించింది. కృష్ణా నీళ్లు తెలుగుగంగ ద్వారా అందుతున్నా, సముద్రపు నీటిని మంచినీరు చేసే కేంద్రాలు రెండున్నా, చెరువులు ఎండేసరికి ఆ మహానగరం ట్యాంకర్ల వెంట పడింది.

ఇక కృష్ణ బలహీనతల సంగతి. సాగర్‌లో నీటిమట్టం 510 అడుగులకు దిగితే పుట్టంగండి పంపులకు నీరందదు. అప్పుడు నీటి అంచున అదనపు పంపులు దింపి అత్యవసరంగా ఎత్తిపోయాలి. 2024 వేసవిలో అదే చేశారు. విచిత్రమేమిటంటే 510 అడుగుల దగ్గర కూడా సాగర్‌లో దాదాపు 131 టీఎంసీలుంటాయి. నగరానికి మూడు దశలకూ కలిపి ఏడాదికి కావలసింది 16.5 టీఎంసీలే. అడుగున అంత నీరుండగా పైన పంపులు నోరెళ్లబెట్టడం ఏమిటన్న ఆలోచన నుంచే సుంకిశాల పుట్టింది. 2022 మేలో శంకుస్థాపన చేశారు. జలాశయం అట్టడుగు నుంచి సొరంగాల ద్వారా నీరు లాగే బావి అది. 2024 ఆగస్టు మొదట్లో, సాగర్‌కు వరద పోటెత్తుతుండగా, అక్కడి రక్షణ గోడ కూలి పని మునిగింది. ఆలోచన మంచిదే, దాన్ని కట్టిన తీరుకే జవాబు చెప్పాలి.

ఇంకో బలహీనతకు ఇంజనీరింగ్‌లో మందు లేదు. 2023 నవంబరు 30 తెల్లవారకముందే ఆంధ్రప్రదేశ్ పోలీసులు సాగర్ ఆనకట్ట మీద సగం గేట్లను తమ అధీనంలోకి తీసుకున్నారు. ఆ ఉదయం తెలంగాణలో పోలింగ్. అదే జలాశయం నుంచి ఎల్బీనగర్ నల్లాలకు నీళ్లు వస్తున్నాయన్న సంగతి ఆ గొడవలో ఎంతమందికి గుర్తొచ్చిందో. రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం కుదిరేదాకా కృష్ణ నీళ్లకు ఈ గండం తప్పదు.

అందుకే ఇప్పుడు చూపు మళ్లీ గోదావరి మీదికి మళ్లింది. గోదావరి పథకం రెండు, మూడు దశలకు 2025 సెప్టెంబరు 8న గండిపేట దగ్గర శంకుస్థాపన జరిగింది. అంచనా 7360 కోట్లు. మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీలు తెచ్చి, అందులో కొంత గండిపేట, హిమాయత్‌సాగర్‌లకూ మూసీకీ ఇవ్వాలని తలపెట్టారు. మల్లన్నసాగర్ నిండు మట్టం 557 మీటర్లు, అంటే 1827 అడుగులు. గండిపేట కంటే ఎత్తు. కాగితం మీద చూస్తే నీళ్లు మళ్లీ దిగి వచ్చే రోజులొచ్చినట్టే. అయితే మల్లన్నసాగర్‌కు గోదావరి తనంతట తాను రాదు. ఎల్లంపల్లి 485 అడుగుల దగ్గరుంది. అక్కడి నుంచి మేడారం, మధ్యమానేరు, రంగనాయకసాగర్‌ల మీదుగా మహా పంపులు ఎత్తిపోస్తేనే అది నిండుతుంది. కరెంటు బిల్లు మరో శాఖ ఖాతాలోకి పోయినంత మాత్రాన నీళ్ల ధర తగ్గదు. ప్రత్యామ్నాయాలను పోల్చేటప్పుడు నది నుంచి నల్లా దాకా మొత్తం ఎత్తును లెక్క కట్టాలి.

గండిపేటకు గోదావరి నీళ్లు పోయాల్సి రావడం నన్ను కలవరపెడుతోంది. ఉస్మాన్‌సాగర్ 3.9, హిమాయత్‌సాగర్ 2.97 టీఎంసీల చెరువులు. పంపు అక్కర్లేకుండా వందేళ్లు నీళ్లిచ్చాయి. వాటి పరీవాహకాన్ని కాపాడటానికి 1996 మార్చి 8న 111 జీవో తెచ్చారు, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు వద్దన్నారు. 2022 నుంచి ఆ కట్టు సడలుతూ వచ్చింది. బెంగళూరు ఈ దారిలో మనకంటే ముందు నడిచింది. అర్కావతి మీద 1890లలో హెసరఘట్ట, 1933లో తిప్పగొండనహళ్లి జలాశయాలు కట్టుకుని, వాటి పరీవాహకంలో ఇళ్లూ పరిశ్రమలూ రానిచ్చింది. రెండూ చేజారాయి. ఇప్పుడు కావేరిని వంద కిలోమీటర్ల నుంచి కొండెక్కించి తెచ్చుకుంటోంది. 2024 మార్చిలో అదీ చాలలేదు.

మన లెక్కపుస్తకంలో ఇంతవరకూ గడి లేని నీళ్లు రెండున్నాయి. ఒకటి వాన. 2007లో ఏర్పడినప్పుడు జీహెచ్ఎంసీ విస్తీర్ణం సుమారు 650 చదరపు కిలోమీటర్లు. ఏడాదికి 80 సెంటీమీటర్ల సగటు వాన కురిస్తే ఆ నేల మీద పడేది 18 టీఎంసీలకు పైనే. కృష్ణ మూడు దశల కంటే ఎక్కువ. ఇందులో చాలా భాగం ఆవిరవుతుంది, అంతా పట్టుకోలేం, నిజమే. కానీ 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లకు పైగా కురిసిన రాత్రి, సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీల్లో జనం డాబాలెక్కి కూర్చుంటే, ఆ నీటిలో పదోవంతైనా ఇంకే చోటు తూర్పు నగరంలో ఎక్కడా మిగల్లేదు.

రెండోది వాడిన నీరు. కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్, పట్టణాల తాగునీటికి తీసుకున్నదాంట్లో 20 శాతాన్నే వాడకంగా లెక్కించమంది. తక్కిన 80 శాతం తిరిగి నదికి చేరుతుందన్న లెక్క అది. ఆ లెక్కన నగరం తీసుకునే 16.5 టీఎంసీల్లో వాడకం 3.3 మాత్రమే. నిజంగానే అది చేరుతోంది. ఎల్బీనగర్ వంటింట్లో, స్నానాల గదిలో వాడిన నీరు మూసీలో పడి, సూర్యాపేట వైపు పోయి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, సాగర్ ఆనకట్టకు దిగువన. దారిలో శుద్ధయినంత శుద్ధవుతుంది, కానంత నల్లగొండ వరిచేలలోకి పోతుంది. నాగోల్‌లో పాత శుద్ధి కేంద్రం సామర్థ్యమే రోజుకు 17.2 కోట్ల లీటర్లు. కృష్ణ ఒక్క దశలో వచ్చే 41 కోట్ల లీటర్లలో అయిదింట రెండు వంతులు. మెట్రో స్తంభాల కింద మొక్కలకూ, నాగోల్ నుంచి హయత్‌నగర్ దాకా లేస్తున్న అపార్టుమెంట్ల కట్టుబడికీ ఈ నీరు పైపులో ఇస్తే, వాటి కోసం బోర్లు తోడే నీరూ ట్యాంకర్లు మోసే నీరూ ఆ మేరకు మిగులుతాయి. ఇందుకు 116 కిలోమీటర్ల పైపు అక్కర్లేదు. నాగోల్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు అయిదారు కిలోమీటర్లు.